స్పేరు దొరకని కారు పిల్లలకి కొనకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను పర్లాకిమిడి నుంచి రాస్తున్నానండి. మాది ఒడిశాలో గజపతి జిల్లా అయినా మీ పేపరు పాతపట్నం మీదుగా పొద్దున్నే మా ఊరికి వచ్చేస్తుంది, నా షాపులో రోజూ ఒక కాపీ ఉంటుంది, వచ్చినవాళ్లు మోటారు రెడీ అయ్యేలోపు అది చదువుతూ కూర్చుంటారు. నాది మోటార్ వైండింగ్ షాపు. ఇరవై రెండేళ్లుగా పంపుసెట్లు, ఫ్యాన్లు, మిక్సీలు, గ్రైండర్లు, ఇదే పని. మొన్న ఆదివారం పిల్లల పేజీలో మీరు రిమోట్ కార్ల గురించి ఒక ఐటం వేశారు, ఏ కారు గంటకి ఎన్ని కిలోమీటర్లు పోతుందో బొమ్మలతో పట్టీలాగ ఇచ్చారు. అది చదివి ఆ సాయంత్రానికే మా వీధిలో ఇద్దరు తండ్రులు నా దగ్గరికి వచ్చి, 70 కిలోమీటర్లు పోయే కారు ఆన్‌లైన్లో చూశాం, మంచిదేనా, కొనీమంటావా అని అడిగారు. ఇద్దరూ అడిగింది స్పీడు ఒక్కటే. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పెద్దది అవుతుందేమో, వీలున్నంత వెయ్యండి.

మా మేనల్లుడి కథ చెప్తే మీకు అర్థం అవుతుంది. వాడికి పదమూడేళ్లు. పోయిన ఏడాది రథయాత్రకి పెద్దోళ్లు ఇచ్చిన డబ్బులు, అంతకుముందు దాచుకున్నవి, మా అక్క కలిపింది, నేను కొంత వేశాను, మొత్తం 6,500 పెట్టి ఆన్‌లైన్లో ఒక కారు తెప్పించాం. డబ్బా మీద పెద్ద అక్షరాలతో స్పీడు, మంటల బొమ్మ, వాడి మొహం చూడాలి ఆ రోజు. నాలుగో రోజు సాయంత్రం మా సందు చివర కాలవ గట్టుకి గుద్దేసింది. ముందు చక్రాన్ని ఛాసిస్‌కి పట్టి ఉంచే ప్లాస్టిక్ ఆర్మ్ ఉంటుంది కదా, అది విరిగింది, అంతే, నా చిటికెన వేలంత ముక్క. వాడు ఆ ముక్క అరచేతిలో పెట్టుకుని షాపుకొచ్చి "మావయ్యా, ఇది ఒకటి తెప్పిస్తావా" అన్నాడు. నేను కూడా అదెంత పని అనుకున్నాను. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే పార్టులు మా దగ్గర ఉండవు, కావాలంటే కొత్త కారు ఆర్డర్ పెట్టండి అన్నారు. కారుకి కంపెనీ పేరు సరిగ్గా లేదు, మోడల్ నంబరు లేదు, ఏమని వెతకాలి. ఫెవిక్విక్ పెట్టాను, లోపల సన్నటి ఇనుప ఊచ వేసి అతికాను, అల్యూమినియం పట్టీ కోసి బోల్టు కూడా బిగించాను, రెండుసార్లు తిరిగి మూడోసారి పట్టీ పక్కన ఇంకోచోట విరిగింది. ముప్పై నలభై రూపాయల ముక్క లేక 6,500 కారు అటక మీదికి పోయింది. వాడు ఏడవలేదు. ఏమీ మాట్లాడకుండా డబ్బాలో సర్దేశాడు, నాకు అదే ఎక్కువ బాధ అనిపించింది.

కాబట్టి మీరు మళ్లీ ఎప్పుడైనా ఈ కార్ల గురించి వేస్తే స్పీడు పక్కన ఇంకో గడి పెట్టండి, దీనికి విడి పార్టులు దొరుకుతాయా లేదా అని. నా మాట వింటే ఆ గడే ముందు పెట్టాలి.

మామూలు బొమ్మ కారుకీ హాబీ కారుకీ తేడా ఏంటని చాలామంది అడుగుతారు, సైజులో రేటులో కాదు తేడా. బొమ్మ కారులో స్టీరింగ్ తిప్పితే చక్రం పూర్తిగా ఎడమకి, లేకపోతే పూర్తిగా కుడికి, మధ్యలో ఉండదు. ట్రిగ్గర్ కూడా అంతే, నొక్కితే ఫుల్లు, వదిలితే ఆఫ్. హాబీ కారులో మీరు ఎంత తిప్పితే చక్రం అంతే తిరుగుతుంది, ఎంత నొక్కితే అంతే పోతుంది. స్టీరింగ్‌కి సర్వో అని విడిగా చిన్న మోటారు డబ్బా, మోటారుకి కరెంటు ఎంత ఇవ్వాలో చూసుకునే ఈఎస్‌సీ అని ఇంకోటి, రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ వేరే, మోటారు వేరే, ఏది పోతే దాన్ని నాలుగు స్క్రూలు తీసి మార్చుకోవచ్చు. బొమ్మ కారులో ఇవన్నీ ఒకే బోర్డు మీద ఉంటాయి, ఒకటి కాలిందా బోర్డంతా చెత్తలోకే. పంపుసెట్లో బేరింగ్ పోతే బేరింగ్ మారుస్తాం గాని పంపు పారేస్తామా, ఇదీ అదే లెక్క.

జపాన్ వాళ్ల తమియా కంపెనీ 1976లో తన మొదటి రిమోట్ కారు తెచ్చింది, పోర్షె 934 అని, 1/12 సైజు, అంటే అసలు కారులో పన్నెండో వంతు. వాళ్లదే గ్రాస్‌హాపర్ అని 1984లో వచ్చిన బగ్గీ (మట్టిలో, గతుకుల్లో తోలే తేలిక కారు) ఒకటి ఉంది, దాన్ని 2005లో మళ్లీ తయారుచేసి అమ్మారు. మా మేనల్లుడి అమ్మానాన్నలు పిల్లలుగా ఉన్నప్పటి కారు, ఇప్పుడు వాడి వయసు పిల్లలు కూడా కొని డబ్బాలోంచి స్క్రూ స్క్రూ బిగించి తయారుచేసుకుంటున్నారు. ఎందుకంటే ప్రతి ముక్కకీ ఒక నంబరు ఉంది, పుస్తకంలో బొమ్మ వేసి బాణం గుర్తు పెట్టి ఇది ఇక్కడ అని చూపించారు. అమెరికా వాళ్ల ట్రాక్సాస్ స్లాష్ 2008 నుంచి ఉంది, దానికీ అంతే, ఏ ముక్క పోయినా నంబరు కొట్టి తెప్పించుకోవచ్చు. ఇవి రేటు ఎక్కువ, మనలాంటోళ్లకి అందవు అంటే నిజమే. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి పెంచారు, 2023లో 70 చేశారు, అదంతా మన జేబులోంచే. కొంచెం తక్కువలో కావాలంటే చైనా డబ్ల్యూఎల్‌టాయ్స్ వాళ్ల 144001 లాంటివి ఉన్నాయి, 1/14 సైజు, నాలుగు చక్రాలకీ పవర్ ఉంటుంది, ఛాసిస్ మెటల్. అవి వాడేవాళ్లు ఎక్కువ కాబట్టి పార్టులు కూడా తిరుగుతుంటాయి. ఏ కంపెనీ అయినా సరే కొనేముందు ఒక పని చెయ్యండి, ఆ మోడల్ పేరు కొట్టి ముందు ఆర్మ్, స్టీరింగ్ నకిల్ (ముందు చక్రం తిరగడానికి పట్టుకునే ముక్క), సర్వో, స్పర్ గేరు (మోటారుతో కలిసే పెద్ద పళ్ల చక్రం), ఈ నాలుగూ విడిగా అమ్ముతున్నారా లేదా చూడండి, ముందు పోయేవి అవే. నాలుగూ కనపడితే కొనండి. కనపడకపోతే ఎంత తక్కువకి వచ్చినా వద్దు. కారుతో పాటే రెండు ఆర్ములు అదనంగా తెప్పించేసుకోండి, మా పిన్‌కోడ్‌కి పార్సిల్ రావడానికి ఒక్కోసారి పది పన్నెండు రోజులు పడుతుంది, పిల్లాడికి ఆ పన్నెండు రోజులు ఎంత పొడుగో మనకి తెలీదు.

రెండో కారు బరంపురంలో కాలేజీ చదివే అబ్బాయి దగ్గర సెకండ్ హ్యాండ్ తీసుకున్నాం. 1/10 ట్రక్కు, వెనక రెండు చక్రాలకే పవర్. ఈసారి నేనే వెళ్లాను, చక్రాలు ఒక్కోటి పట్టుకుని ఊపి చూశాను ఆట ఎంత ఉందో, బేరింగులు చేత్తో తిప్పి చెవి దగ్గర పెట్టి విన్నాను, రెండింట్లో గరగర ఉంది, అది చూపించి కొంచెం తగ్గించమన్నాను, తగ్గించాడు. మోటారు 540 సైజు, కార్బన్లు (తిరిగే చుట్టకి కరెంటు అందించే ముక్కలు) ఉండే రకం. ఈ సాదా 540 మోటార్లు తెరిచి కార్బన్లు మార్చుకునేలా చెయ్యరు, అరిగిపోతే మోటారే మార్చెయ్యాలి, అదృష్టం ఏంటంటే రేటు తక్కువ. పాతది నేను ఊరికే ఉండలేక డబ్బా అంచున మడిచిన ట్యాబులు లేపి తెరిచాను, కార్బన్లు సగం పైగా అరిగిపోయి అవి రాసుకునే రాగి కమ్యుటేటర్ మీద సన్నటి గాడి పడింది, మిక్సీ మోటార్లో చూసినట్టే ఉంది, సైజే తేడా. అది మా మేనల్లుడికి చూపించి, చూడు, కరెంటు ఇక్కడి నుంచి ఇలా పోయి ఈ చుట్టలోకి వెళ్తుంది, చుట్టు తక్కువ అయితే స్పీడు ఎక్కువ, కరెంటు కూడా ఎక్కువ లాగేస్తుంది, వేడి కూడా ఎక్కువ అని చెప్పాను. వాడు నా షాపుకి చిన్నప్పటి నుంచి వస్తున్నాడు గాని ఆ రోజు దాకా ఒక్క ప్రశ్న వేసినవాడు కాదు, ఆ రోజు రాత్రి తొమ్మిది దాకా వదల్లేదు.

బ్రష్‌లెస్ మోటారు అని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. దాంట్లో కార్బన్లు ఉండవు, మూడు వైర్లు వస్తాయి, విడిగా సెన్సర్ వైరు లేని రకం అయితే, వెనక్కి తిరుగుతుంటే ఏ రెండు వైర్లయినా అటూ ఇటూ మార్చితే సరైపోతుంది, అచ్చం మన పొలంలో త్రీ ఫేజ్ పంపు లాగే. దాని మీద కేవీ అని ఒక నంబరు రాస్తారు, కిలోవోల్ట్ కాదు అది, ఒక్క వోల్టుకి లోడు లేకుండా నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ లెక్క. 3000 అని ఉంటే 7.4 వోల్టుల బ్యాటరీకి 22,200 చుట్లు. మంచి మోటారే, ఎక్కువకాలం వస్తుంది, కానీ మొదటి కారుకి వద్దని నేనంటాను, స్పీడు చేతికి అలవాటు కాకముందే వచ్చేస్తుంది, ఆర్ములు విరుగుతాయి, పిల్లాడు విసిగిపోతాడు.

ఇప్పుడు బ్యాటరీ గురించి చెప్పాలి, ఇది దయచేసి కట్ చెయ్యకండి. ఈ కార్లలో వాడే లిథియం పాలిమర్ బ్యాటరీని లైపో అంటారు. ఒక్కో సెల్లు నిండా ఛార్జ్ అయితే 4.2 వోల్టులు, 3 వోల్టుల కిందకి దిగనిచ్చామంటే లోపల పాడైపోతుంది, తర్వాత ఛార్జ్ పెడితే పొంగుతుంది, అంటుకునే ప్రమాదం కూడా ఉంది. అందుకని బ్యాటరీ దిగిపోయే ముందే ఈఎస్‌సీ కారుని ఆపేస్తుంది. కానీ పాత రకం నికెల్ బ్యాటరీలకి ఆ ఆపే లెక్క వేరే, కొన్ని ఈఎస్‌సీల మీద జంపర్ అని పీకి మార్చి పెట్టే చిన్న ముక్క ఉంటుంది, ఇటు పెడితే లైపో, అటు పెడితే నికెల్. మా ట్రక్కులో ముందు వాడిన అబ్బాయి నికెల్ బ్యాటరీ వాడాడంట, జంపర్ అటే ఉండిపోయింది. మేము లైపో కొని తగిలించాం. రెండు రోజులు బానే తిరిగింది, కారు నీరసంగా పాకుతుంటే కూడా మావాడు ఇంకొంచెం ఇంకొంచెం అని తోలాడు, ఎందుకంటే అది ఆగాలి అని వాడికి తెలీదు, నేనూ ఆ జంపర్ చూడలేదు. ఇంటికొచ్చి మీటర్ పెడితే రెండు సెల్లులకీ కలిపి 4.6 వోల్టులు. 6 కంటే కింద ఉండకూడదు. ఒక పక్క పూరీ పొంగినట్టు పొంగింది, వేలు పెట్టి నొక్కితే మెత్తగా ఉంది. దాన్ని మళ్లీ ఛార్జ్ పెట్టలేదు, ఇంటి బయట ఇసక బకెట్లో పెట్టేశాను. 1,800 రూపాయల బ్యాటరీ పోతే పోయింది, మా అక్క ఇంట్లో అది పిల్లలు పడుకునే గదిలో మంచం కింద ఛార్జ్ పెట్టేవాళ్లు, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆ జంపర్ సంగతి కారుతో వచ్చిన కాగితంలో ఉంది, ఐదో పేజీలో, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో. మావాడు బడిలో ఒడియా చదువుతాడు, ఇంట్లో తెలుగు, ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాడు. వాడికి ఆ పేజీ ఎవరు చెప్పాలి.

మిగతా జాగ్రత్తలు కూడా రాసేస్తాను. ఛార్జర్ బ్యాలెన్స్ రకంది వాడండి, రెండు సెల్లులూ సమానంగా నిండాలి. ఛార్జింగ్ కరెంటు బ్యాటరీ కెపాసిటీకి సమానంగా పెట్టుకోండి, 1500 ఎంఏహెచ్ అయితే 1.5 ఆంపియర్లు, అంతకి మించొద్దు. ఛార్జ్ అవుతున్నంతసేపు మనిషి దగ్గరే ఉండాలి, గచ్చు మీద పెట్టాలి, పరుపు మీద గుడ్డల మీద వద్దు. వారం పది రోజులు ఆడకపోతే నిండా ఛార్జ్ ఉంచెయ్యకూడదు, ఖాళీగా కూడా ఉంచకూడదు, సెల్లుకి 3.8 దగ్గర ఉంచాలి. బ్యాటరీ ప్లగ్గుకి పెట్టే చిన్న అలారం దొరుకుతుంది, వోల్టేజీ తగ్గగానే కుయ్యిమని అరుస్తుంది, దాని ఖరీదు రెండు ప్లేట్ల టిఫిన్ అంత, అది లేకుండా పిల్లలకి లైపో ఇవ్వొద్దు. చిన్నపిల్లలైతే నికెల్ బ్యాటరీయే నయం, ఆరు సెల్లులు, 7.2 వోల్టులు, స్పీడు కొంచెం తక్కువ, భయం చాలా తక్కువ.

స్పీడు గురించి ఆ ఇద్దరు తండ్రులకి నేను చెప్పింది మీకూ చెప్తాను. గంటకి 50 కిలోమీటర్లతో పోయే కారు ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు దాటేస్తుంది. ఆ స్పీడుతో గోడకి గుద్దడం అంటే పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీది నుంచి, కారు కింద పడ్డంత దెబ్బ. 25 కిలోమీటర్లు అయితే రెండున్నర మీటర్ల ఎత్తు నుంచి పడ్డట్టు. స్పీడు రెండింతలు చేస్తే దెబ్బ నాలుగింతలు అవుతుంది, ఇది లెక్కల మాస్టార్ని అడిగినా చెప్తారు. అది గోడకి కాకుండా ఒక చిన్నపిల్ల మోకాలికి తగిలితే ఏమవుతుందో ఆలోచించండి. మన సందుల్లో రెండు పక్కలా కాలవలు, అరుగుల మీద ముసలోళ్లు, ఆవులు, కుక్కలు, ఏ సెకను ఏది అడ్డం వస్తుందో తెలీదు. ఈఎస్‌సీలో గాని రిమోట్‌లో గాని స్పీడు సగానికి తగ్గించే సెట్టింగ్ చాలా హాబీ కార్లకి ఉంటుంది, మొదటి రెండు నెలలు అది పెట్టి ఉంచండి.

నన్నడిగితే మా వైపు ఊళ్లకి అన్నిటికంటే సరైనది క్రాలర్. దాని గురించి మీ పట్టీలో ఒక్క ముక్క లేదు, స్పీడు తక్కువ కాబట్టి అనుకుంటాను. మనిషి నడిచినంత స్పీడు, నాలుగు చక్రాలూ ఒకేసారి తిరుగుతాయి, టైర్లు మెత్తగా వెడల్పుగా లోపల స్పాంజితో ఉంటాయి, రాయి మీదికి కాళ్లు పెట్టి ఎక్కినట్టు ఎక్కుతుంది. మహేంద్రతనయ ఒడ్డున వేసవిలో నీళ్లు తగ్గాక రాళ్లు తేలతాయి కదా, అక్కడ ఒక పిల్లాడు సాయంత్రం అంతా ఒకే రాయి మీద ఏ వైపు నుంచి ఎక్కించాలా అని చూస్తూ కూర్చోవచ్చు, విరిగేది తక్కువ, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. మహేంద్రగిరి వైపు కొండదారులు ఉన్నవాళ్లకి, గుణుపురం, రాయగడ వైపు వాళ్లకి ఇంకా బావుంటుంది. ఇసకలో తోలాలంటే నాలుగు చక్రాల పవర్ ఉన్న బగ్గీ మంచిది, రెండు చక్రాలది ఇసకలో ఊరికే కూరుకుపోతుంది, గట్టి నేల మీద మాత్రం అది బాగా పోతుంది, పార్టులు తక్కువ కాబట్టి ఖర్చూ తక్కువ.

నేర్పడం మా మేనల్లుడికి ఎలా నేర్పానంటే, బడి గ్రౌండులో నాలుగు చెప్పులు పది పది అడుగుల దూరంలో పెట్టి వాటి చుట్టూ ఎనిమిది అంకె వెయ్యమన్నాను. కారు మన నుంచి దూరంగా పోయేటప్పుడు కుడి అంటే కుడే, అదే మన వైపు తిరిగి వస్తుంటే కుడికి తిప్పితే మన ఎడమకి పోతుంది, ఇక్కడే అందరూ గుద్దేస్తారు. నువ్వు కారులో కూర్చున్నట్టు అనుకో అని చెప్పాను. మొదటి రోజు పద్దెనిమిదిసార్లు చెప్పుల మీదికి ఎక్కించాడు, ఆరో రోజుకి చెప్పు కదల్లేదు. ఇంకో అలవాటు మొదటి రోజే చెయ్యాలి: ముందు రిమోట్ ఆన్ చెయ్యాలి, తర్వాత కారు, ఆపేటప్పుడు ముందు కారు ఆఫ్, తర్వాత రిమోట్. తిరగేసి చేస్తే ఒక్కోసారి సిగ్నల్ లేని కారు దానంతటది పరిగెత్తేస్తుంది. ఇప్పుడొచ్చేవి 2.4 గిగాహెర్ట్జ్ కాబట్టి ఒకే చోట పది కార్లు తోలినా ఒకదాని సిగ్నల్ ఇంకోదానికి తగలదు, పాత 27 మెగాహెర్ట్జ్ రోజుల్లో క్రిస్టల్ (సిగ్నల్ ఫ్రీక్వెన్సీ మార్చే చిన్న ముక్క) మార్చుకుంటే గాని రెండు కార్లు కలిసి తోలడానికి ఉండేది కాదు.

మా ఏటి ఇసక పిండి లాగ సన్నం, ఎక్కడికైనా దూరిపోతుంది. తోలి వచ్చాక ఎండిన పెయింట్ బ్రష్‌తో దులిపి షాపులో బ్లోయర్ పెడతాను, నీళ్లు కొట్టను, వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నా బేరింగులు తుప్పు పడతాయి. గోపాల్‌పూర్ బీచిలో తోలినవాళ్లు ఉప్పునీళ్లు తగిలాక అలాగే సంచిలో పెట్టేస్తే వారంలో స్క్రూలు కూడా ఊడిరావు. ప్లాస్టిక్‌లోకి బిగించే స్క్రూలు గట్టిగా తిప్పెయ్యకండి, మర పోతుంది. మెటల్‌లోకి పోయే స్క్రూలకి మాత్రం మరని పట్టి ఉంచే థ్రెడ్‌లాక్ జిగురు ఒక చుక్క వెయ్యాలి, లేకపోతే వైబ్రేషన్‌కి ఊడిపోతాయి. ఎలెన్ కీలు మంచివి కొనండి, డబ్బాలో వచ్చేవి మెత్తటి ఇనుము, రెండు బిగింపులకే మూలలు గుండ్రం అయిపోయి స్క్రూ తలలు పాడుచేస్తాయి.

మోటారు మీది చిన్న పళ్ల చక్రాన్ని పినియన్ అంటారు, అది కలిసే పెద్ద ప్లాస్టిక్ చక్రం స్పర్. మోటారు మార్చినప్పుడు ఈ రెండూ ఎంత దగ్గరగా కలవాలన్నది చాలామందికి తెలీదు, మరీ బిగుతుగా పెడితే మోటారు వేడెక్కిపోతుంది, వదులైతే స్పర్ పళ్లు ఊడతాయి. నోటుబుక్ కాగితం సన్నగా ఒక పట్టీ చింపి రెండు చక్రాల మధ్య పెట్టి, మోటారుని దగ్గరికి నొక్కి స్క్రూలు బిగించి, చక్రం తిప్పుతూ ఆ పట్టీని బయటికి లాగెయ్యాలి. పట్టీ మీద పళ్ల అచ్చు జిగ్‌జాగ్‌గా పడి, చిరగకుండా వస్తే సరిపోయినట్టు. ఈ పని ఇప్పుడు మా మేనల్లుడే చేస్తాడు, నా కంటే వాడి చెయ్యి సన్నం, బాగా కుదురుతుంది, పట్టీ బయటికొచ్చాక వెలుతురుకి పెట్టి చూస్తాడు. ఎండాకాలం మా దగ్గర పది నిమిషాలు తోలి పదిహేను నిమిషాలు ఆపాలి, మోటారు మీద వేలు పెట్టి మూడు సెకన్లు ఉంచలేకపోతే అది ఎక్కువ వేడి కింద లెక్క, అలాగే తోలితే అయస్కాంతం బలం తగ్గిపోతుంది.

ఎడిటర్ గారూ, ఇంత రాసింది మిమ్మల్ని ఒకటి అడగడానికి. ఇవన్నీ తెలుగులో ఎక్కడైనా పిల్లాడు చదువుకునేలా ఉన్నాయా? 1936లో ఒడిశా వేరు రాష్ట్రం అయినప్పుడు మా ఊరు అటు కలిసింది. పిల్లలు ఒడియా బడికి పోతారు, మంచిదే, ఉన్నచోటి భాష నేర్చుకోవాలి, ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తెలుగు అక్షరాలు మీ పేపరు చూసి నేర్చుకున్నవాళ్లు మా వీధిలో నాకు తెలిసే నలుగురైదుగురు ఉన్నారు. జనం మాట్లాడే తెలుగులోనే చదువు ఉండాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసింది మా పర్లాకిమిడిలోనే, ఇక్కడి కొండల్లో సవరల భాష నేర్చుకుని వాళ్ల పిల్లల కోసం వాళ్ల భాషలో పుస్తకాలు కూడా రాశారు. ఆగస్టు 29న ఆయన పేరు మీద ప్రతి ఏడాది మీరూ పేజీలు వేస్తారు. ఆ పేజీలతో పాటు ఒక కారు విప్పి ఏ ముక్క పేరు ఏంటో, ఏది ఎందుకు ఉందో, బ్యాటరీ ఎలా ఛార్జ్ చెయ్యాలో మామూలు మాటల్లో బాణం గుర్తులతో ఒక బొమ్మ వెయ్యండి. ఫొటోలు కావాలంటే మా ట్రక్కు మొత్తం విప్పి గుడ్డ మీద పరిచి పెడతాను, మీ విలేకరి ఎప్పుడొచ్చినా సరే, ఆ రోజు షాపు మూసేస్తాను.

ఇంకోటి మా ఊరి పెద్దలకి మీ ద్వారా మనవి. ఇప్పుడు మా దగ్గర ఈ కార్లు తోలే పిల్లలు ఐదుగురు అయ్యారు. రోడ్డు మీద తోలనివ్వడం నాకు ఇష్టం లేదు, ఆదివారం పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది దాకా ఏదైనా ఒక బడి గ్రౌండు గేటు తెరిచి ఇస్తే చాలు. తాళం నేనే తీసుకుని నేనే మళ్లీ ఇస్తాను, పిల్లల పక్కన నేను గాని ఇంకో పెద్దవాళ్లు గాని ఉంటాం, ఇసక బకెట్ కూడా తెచ్చుకుంటాం.

అటక మీద ఉన్న ఆ మొదటి కారు మొన్న కిందికి దించాం. మావాడు దాని షాక్ అబ్జార్బర్లు, చక్రాలు కొలిచి చూశాడు, షాక్ అబ్జార్బర్లు పనికిరావు గాని చక్రాల హెక్స్ (చక్రం కూర్చునే ఆరు మూలల ముక్క) 12 మిల్లీమీటర్లు, ట్రక్కుదీ అదే సైజు. ఆ టైర్లు ఇసకకి బాగుంటాయని ట్రక్కుకి బిగించాడు, ఈ ఆదివారం ఏటి దగ్గర తోలి చూడాలి.

ఇట్లు,
మీ పాఠకుడు,
వైండింగ్ మెకానిక్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా